మామ్మ మోకాళ్ళూ, ఉడుకుగెడ్డ బియ్యమూ

పోయిన నెల మా సరోజత్త వచ్చి నాలుగు రోజులుండి వెళ్ళింది. సరోజత్త మా నాన్నకి ఆఖరి చెల్లెలు. నేను రాసినవన్నీ వదలకుండా చదువుతుంది, ఒక్కటీ నమ్మదు. పాచిపెంట ఘాటీలో మా బస్సుకి అడ్డం వచ్చిన ఎలుగుబంటి గురించి నేనెంతో కష్టపడి రాస్తే, అది ఎలుగుబంటి కాదు, గొంగళి కప్పుకుని చెట్టుచాటు నుంచి వస్తున్న కండక్టరు అని ఊరంతా చెప్పుకొచ్చిన మనిషి. అటువంటి మనిషి ఒక సాయంత్రం మా సోఫాలోంచి లేవబోయి, లేవలేక, రెండు అరచేతులూ మోకాళ్ళమీద ఆనించుకుని, "ఒలమ్మో, మా అమ్మ మోకాళ్ళు నాకొచ్చీసినాయే" అంది. ఆ మాటతో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్త నవ్వడం మొదలుపెట్టింది, నేను అందుకున్నాను. లోపలినుంచి మా ఆయన వచ్చి, ఎవరికేమైందని కంగారుపడ్డారు. ఏమీ కాలేదు. మేమిద్దరం అప్పటికే మోటారు బోటెక్కి, ఏటికి ఎదురెళ్తున్నాం.

మా దుకాణం ముంచంగిపుట్టు సంతకి పోయే దారిలో ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక గోనెపట్టా. ఆ పట్టా వల్ల వాసనలకి ఏ అడ్డూ లేదు. దుకాణంలోని ఎండుచేపలూ, కిరసనాయిలూ, చింతపండూ, పిప్పళ్ళూ ఇంట్లోకి వచ్చేవి; ఇంట్లోని ఇంగువ పోపు దుకాణంలోకి వెళ్ళేది. నేను బళ్ళోకి అడుగుపెడితే మాస్టారు నల్లబల్ల వైపునుంచి తిరక్కుండానే హాజరు వేసేసేవారు. చలికాలం మా ఊళ్ళో కొబ్బరినూనె సీసాలో రాయైపోయేది. పొద్దున్నే ఆ సీసాని కుంపటి పక్కన కూర్చోబెడితే, అది కరిగేదాకా ఆడవాళ్ళందరూ జుట్లు విరబోసుకుని చుట్టూ కూర్చునేవాళ్ళు. కొత్తవాళ్ళెవరైనా చూస్తే సీసాకి పూజ జరుగుతోందనుకుని దండం పెట్టి పోయేవాళ్ళు.

ఆ కుంపటి దగ్గర పెద్ద పీఠం మా మామ్మది. మామ్మ అంటే నాన్నమ్మ. పార్వతీపురం పక్క పల్లెలో పుట్టి, తాతయ్యని కట్టుకుని కొండెక్కిన మనిషి. ఆవిడ మాట్లాడ్డం మొదలుపెడితే సంతకి వచ్చిన ఎడ్లు కూడా నెమరు ఆపేవి. ఇంట్లో అందరి తరఫునా ఆవిడే మాట్లాడేది. మాకు ఆకలేస్తోందో లేదో కూడా ఆవిడే చెప్పేది. కాని ఆ ఏడు చలికి మోకాళ్ళు రెండూ బిగుసుకుపోయాయి. వావిలాకు కట్టారు, ఇప్పనూనె మర్దించారు, ఇసక వేయించి మూట కట్టి కాపారు. మోకాళ్ళు మాత్రం వంగం అంటే వంగం అన్నాయి. ఆవిడ నిలబడేది, లేకపోతే పడుకునేది. ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన కూర్చోవడం అనే పని, ఎత్తుగా రెండు పప్పు బస్తాలు వేసి, వాటికి చేరగిలబడి కానిచ్చేది.

సరిగ్గా అప్పుడే సరోజత్తకి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు పార్వతీపురంలో గుమాస్తా. మాఘమాసంలో పగటి ముహూర్తం. అందరూ సంతోషించారు, మామ్మ మాత్రం తన మోకాళ్ళవైపు చూసుకుంది. ఆఖరి కూతురి కన్యాదానానికి ఆవిడా తాతయ్యా పీటలమీద కూర్చోవాలి. పీటేమో నేలకి బెత్తెడు ఎత్తు. నాన్న ధైర్యం చేసి, పీటలకి బదులు కుర్చీలు వేయిద్దాం అన్నాడు. మామ్మ ఆయన్ని ఎగాదిగా చూసి, "పెళ్ళికేటి, కలకటేరు కచ్చేరీకేటి, కుర్చీలేత్తావు?" అంది. పోనీ పెద్దకొడుకూ పెద్దకోడలూ, అంటే మా అమ్మా నాన్నా, కూర్చోవచ్చని పురోహితుడు దారి చూపించాడు. అమ్మ పాపం నోరు కూడా విప్పలేదు. అయినా మామ్మ ఆ రోజంతా అమ్మ చేతి కాఫీ ముట్టుకోలేదు. రాత్రి మటుకు సరోజత్తని పక్కన పడుకోబెట్టుకుని, గొంతు తగ్గించి, "నలుగురిని కన్నాను, ముగ్గురికి నా సేత్తోనే పెళ్ళి సేసేను. నీకాడికొచ్చి నాను గుంజలా నిలబడిపోతానేటే?" అందట. మామ్మ గొంతు తగ్గడం తను అదే మొదటిసారి వినడమని అత్త ఇప్పటికీ చెప్తుంది.

ఉడుకుగెడ్డ సంగతి తెచ్చింది బోటు అప్పన్న. కింద ఆనకట్ట కట్టి మాచ్‌ఖండ్ ఏటిని ఆపారు కదా, ఆ నీళ్ళ మీద ప్రాజెక్టు వాళ్ళ మోటారు బోటొకటి తిరిగేది. పక్షానికోసారి అది ఏటికి ఎదురుగా కొండల సందులోకి వెళ్ళి, అక్కడి నీటిమట్టం చూసుకుని వచ్చేది. అప్పన్న దాని డ్రైవరు, విజయనగరం వైపువాడు. మా దుకాణంలో బీడీలు కొనుక్కుంటూ, పైన ఒకచోట రాళ్ళలోంచి ఉడుకునీళ్ళు పొంగుతాయనీ, పడక దిగని ముసలాళ్ళు అక్కడ మునిగి వచ్చి దింసా ఆడారనీ చెప్పాడు. మామ్మ గోనెపట్టా వెనకనుంచే, బోటు ఎప్పుడు పోతుందని అడిగింది. ఎల్లుండి అన్నాడు. దాని తరవాతి బోటు వెళ్ళేసరికి ముహూర్తం దాటిపోతుంది. కాబట్టి వెళ్తే ఎల్లుండే వెళ్ళాలి.

వెళ్ళింది నలుగురం: మామ్మ, నాన్న, సరోజత్త, నేను. నేను ఎందుకంటే, తీసుకెళ్ళకపోతే పెళ్ళికొడుక్కి అత్త గురక సంగతి రాసేస్తానన్నాను కాబట్టి. రేవుకి వెళ్ళేసరికి మాకంటే ముందు మా దుకాణం బోటెక్కి కూర్చుంది. నాలుగు ఉప్పు బస్తాలు, ఎండుచేపల తట్టలు, కిరసనాయిలు డబ్బాలు, బెల్లం. పై ఊళ్ళవైపు ఖాళీగా వెళ్ళడమా అని నాన్న బాధ. మా వంశంలో ఎవరూ ఎక్కడికీ ఖాళీగా వెళ్ళలేదు. తాతయ్య కాశీకి వెళ్తూ కూడా రెండు మణుగుల పసుపు వెంట తీసుకెళ్ళాడు. అప్పన్న ఆ సరుకు చూసి తలపట్టుకుని, ఇది బోటు గాని గూడ్సుబండి కాదు సావుకారూ అన్నాడు. చివరికి మామ్మని ఉప్పు బస్తాలమీద, కాళ్ళు చాపించి, దేవుడి ఊరేగింపులో విగ్రహంలా కూర్చోబెట్టి, తాడు లాగి ఇంజను లేపాడు.

ఆ ఇంజను! అంతకుముందు నాకు తెలిసిన పెద్ద చప్పుడు సంతలో పిండిమర. ఇది దాన్ని మింగేసింది. అవతలి కొండ కూడా మాతోపాటు డబడబలాడింది, కొంగలు లేచిపోయాయి, నా పళ్ళు వాటంతటవే టకటక కొట్టుకున్నాయి. అది చలికో, చప్పుడుకో, సంతోషానికో ఇప్పటికీ తేల్చుకోలేదు. నీళ్ళమీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, చాకుంటే ముక్కలు కోసి గంపకెత్తుకోవచ్చు. బోటు ముక్కు దాన్ని చీల్చుకుంటూ పోతుంటే వెనక మళ్ళీ కుట్టేసుకునేది. నేను చెయ్యి ఏట్లో పెట్టాను. తీశాక అది నా చెయ్యని నాకు నమ్మకం కుదరడానికి కొంతసేపు పట్టింది. లంబసింగిలో నీళ్ళు గడ్డకడతాయని గొప్పగా చెప్పుకుంటారు. మా ఏరు గడ్డకట్టడానికి కూడా వణుకు అడ్డమొచ్చి మానేసింది. సరోజత్త రెండు దుప్పట్లలోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి, అదేపనిగా మామ్మ మోకాళ్ళవైపే చూస్తోంది. మామ్మ ఇంజనుకి పోటీగా మాట్లాడుతూనే ఉంది. ఎవరికీ వినపడకపోయినా ఆపలేదు.

కొండలు దగ్గరపడి ఏరు సన్నబడ్డాక ఇసకమేటలో బోటు కూర్చుండిపోయింది. అప్పన్న ఉప్పు బస్తాలవైపు ఒక చూపు చూశాడు. మామ్మ తప్ప అందరం దిగి, మోకాళ్ళలోతు మంచునీళ్ళలో నిలబడి తోశాం. పైనుంచి మామ్మ, ఎవరు ఎటునుంచి తొయ్యాలో చెప్పింది. ఒడ్డున కట్టెలు కొట్టుకుంటున్న ఊరివాళ్ళు కొందరు నవ్వుకుంటూ వచ్చి భుజం పెట్టారు. నాన్న అక్కడికక్కడే, ఏట్లో నిలబడే, వాళ్ళకి ఉప్పూ బెల్లమూ అమ్మేశాడు. బరువు తగ్గింది, బోటు లేచింది, మామ్మ కిరసనాయిలు డబ్బాలమీదికి మారింది. చూశావా, సరుకు తెచ్చింది నయమైంది అని నాన్న అన్నాడు. అప్పన్న వెళ్ళి మళ్ళీ తాడు లాగాడు.

ముందు వాసన వచ్చింది. దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన. తరవాత మలుపు తిరగ్గానే కనపడింది. చుట్టూ చలికి నల్లబడ్డ కొండ, దాని పాదం దగ్గర రాళ్ళలోంచి తెల్లగా ఆవిరి, ఏదో పెద్దింటివాళ్ళు పెళ్ళివంటకి గాడిపొయ్యి తవ్వినట్టు. పైన చిన్న గుంట, అందులో నీళ్ళు బుడబుడలాడుతున్నాయి. అందులోంచి కిందికి జారి, ఏటినీళ్ళు కలిసే చోట పెద్ద గుంట. అక్కడ మనిషి కూర్చునేంత వేడి. దాని ఒడ్డున ఒక అవ్వ, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. పేరు సుక్రి. ఆ గుంటకి పూజ చేసేది ఆవిడే. నాన్నకి సంతలో వాళ్ళ ఒరియా బాగా అలవాటు కాబట్టి పద్ధతంతా అడిగి చెప్పాడు. వచ్చినవాళ్ళు ఇంటినుంచి తెచ్చిన గింజ గుడ్డలో మూటకట్టి పై గుంటలోకి దింపాలి. కింది గుంటలో కూర్చోవాలి. మూట ఉడికేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు. నీళ్ళతల్లి నిద్రలో ఉంటుంది. గుంటలో ఉన్నవాళ్ళ మాట వినపడితే లేచిపోతుంది, మందు పనిచెయ్యదు; ఒడ్డున ఉన్నవాళ్ళ గోల ఆవిడకి పట్టదు. ఉడికాక ఆ అన్నం మొదటి ముద్ద తల్లికి వేసి, మిగతాది అందరూ కలిసి తినాలి. మాట జారితే ఆ రోజుకి లేచి ఇంటికి పోవడమే.

మాట్లాడకూడదు అనగానే నాన్నా అత్తా ఒకరినొకరు చూసుకున్నారు. మోకాళ్ళ సంగతి తరవాత, ఇదే అసలు గండం. మామ్మ మటుకు నిబ్బరంగా కొంగుముడి విప్పి మూట తీసింది. సుక్రి అవ్వ సామలు కట్టి దింపింది. ఆవిడకీ ఆ రోజు నడుం పట్టేసిందట, తనూ గుంటలో కూర్చుంది. మామ్మ తెచ్చినవి పాత బియ్యం. పార్వతీపురం నుంచి తెప్పించి, రెండు వర్షాకాలాలు అటకమీద మాగబెట్టి, అల్లుళ్ళకి తప్ప వండని బియ్యం. "కొత్త బియ్యం గంజైపోద్ది. తల్లికి పెట్టిందేటో మంచిదే పెట్టాల" అని, అదే ఆఖరి మాటగా, మేం ముగ్గురం పట్టుకుంటే కాళ్ళు చాపుకుని నీళ్ళలోకి జారింది. వేడి తగలగానే కళ్ళు పెద్దవయ్యాయి. అరుపు గొంతుదాకా వచ్చింది. అక్కడ ఆపింది. మెడ కింద అది కప్పలా ఎగిరెగిరి పడడం నేను చూశాను.

మేం మైదానం నుంచి వచ్చిన వ్యాపారస్తులం. బియ్యం ఎంత పాతదైతే అంత గౌరవం అని తెలుసు. ఎంత పాతదైతే అంత నెమ్మదిగా ఉడుకుతుందని కూడా తెలుసు. కాని ఆ రెండో ముక్క ఆ పూట ఎవరి బుర్రకీ తట్టలేదు. సుక్రి అవ్వ సామలు ఉడికిపోయాయి. ఆవిడ తినేసింది, ఒక చుట్ట తాగేసింది, నడుం విరుచుకుని లేచి మేకల్ని తోలుకొచ్చింది, మళ్ళీ వచ్చి మామ్మ మూట పైకి లాగి ఒక మెతుకు నలిపి చూసింది. నాన్నతో ఏదో అని నవ్వింది. ఇవి బియ్యమా, గులకరాళ్ళా అందట. మూట మళ్ళీ దిగింది. మామ్మ గెడ్డం దాకా నీళ్ళలో, ఆవిరిలో, ఎర్రగా, ఉడుకుతున్న దుంపలా ఉంది. ఒక్క మాట లేదు. నేను మా ఇంట్లో పుట్టాక అంతసేపు అంత నిశ్శబ్దం వినలేదు. చెవులు గింగుర్లెత్తాయి.

ఇక్కడే నాన్నకి ఒక సంగతి తట్టింది. ఆయన జీవితంలో ఇటువంటి అవకాశం ఇంతవరకూ రాలేదు, ఇక రాదు. మెల్లిగా వెళ్ళి తల్లికి ఎదురుగా రాతిమీద కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు. చిన్నప్పుడు తను చదువుకుంటానంటే దుకాణంలో కూర్చోబెట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. తన పెళ్ళిలో తనకి నచ్చిన పంచె తమ్ముడికి ఇచ్చిన సంగతి, సంతనాడు గిరాకీ ముందు తనని వెధవాయీ అన్న సంగతులు, కందిపప్పు కొనడానికి తనకి చేతకాదన్న సంగతి. ఒక్కొక్కటే తీసి, దుమ్ము దులిపి, తల్లి ముందు పెట్టాడు. మామ్మ కళ్ళు ఒక్కొక్క ఆరోపణకీ ఒక్కొక్క రకంగా తిరిగాయి. అత్త వెనకనుంచి రెండు చేతులూ తన నోటికి అడ్డం పెట్టుకుని, వద్దమ్మా వద్దమ్మా అన్నట్టు తల ఊపుతోంది. అత్త కళ్ళలో నీళ్ళున్నాయి. నవ్వుకా, భయానికా అని మొన్న అడిగితే రెంటికీ అంది.

గెలుపు మరిగిన మనిషి ఆగడు. నాన్న ఆఖరికి, "అయినా అమ్మా, పీటలమీద కోడలు కూసుంటే ఏటయిపోద్ది?" అన్నాడు.

మామ్మ నోరు తెరిచింది. అత్త ఊపిరి ఆగింది, నాదీ ఆగింది. ఏరు కూడా ఒక్క క్షణం ఆగిందని నేనంటాను, అత్త ఒప్పుకోదు. తెరిచిన నోరు అలాగే ఉంచి, మామ్మ కూతురివైపు చూసింది. మళ్ళీ మూసింది. తరవాత దోసిలి నిండా ఉడుకునీళ్ళు తీసుకుని నాన్న మొహాన కొట్టింది. ఆయన కెవ్వుమని వెనక్కి దూకి ఏట్లో పడ్డాడు. అది మంచునీళ్ళు. అంత తక్కువ వ్యవధిలో రెండు రుతువులు చూసినవాడు మా నాన్న ఒక్కడే.

కొండల నీడ ఏరు దాటేసింది. అప్పన్న బోటులోంచి కొమ్ము ఊదడం మొదలుపెట్టాడు. ఆగి ఆగి ఊదాడు, ఆగకుండా ఊదాడు, చివరికి తనే వచ్చేశాడు. "మామ్మగోరూ, బేగి లెగాల. మంచు దిగిపోతే దారి కనపడదు. నాను ఎల్లిపోతాను మరి." తడిసి వణుకుతున్న నాన్న కూడా, ఉడికిపోయిందని చెప్పెయ్యండి, ఎవరు చూడొచ్చారు అన్నాడు. సుక్రి అవ్వ చుట్ట తీసి పక్కన పెట్టి, మూట తీసుకొచ్చి మామ్మ ముందే విప్పింది. అంచుల్లో మెత్తబడ్డాయి, నడుమ ఇంకా పలుకు ఉంది. ఉడికిందనాలో లేదనాలో మామ్మ ఇష్టానికి వదిలేసినట్టు పట్టుకుని నిలబడింది. మామ్మ చెయ్యి చాచి ఒక మెతుకు తీసి నలిపింది. తల అడ్డంగా ఊపింది. మూట మళ్ళీ పై గుంటలోకి పోయింది. అప్పన్న నెత్తి కొట్టుకుని వెళ్ళి, నా చేతిలో ఖాళీ కిరసనాయిలు డబ్బా ఒకటి పెట్టాడు. మంచులో వెళ్ళేటప్పుడు ఇది వాయించాలి, ఎదర చేపలవాళ్ళ దోనెలుంటాయి అన్నాడు. అంటే ఉంటున్నాడన్నమాట.

చివరికి ఉడికింది. సుక్రి అవ్వ మొదటి ముద్ద నీళ్ళతల్లికి వేసి, రెండోది తన చేత్తోనే మామ్మ నోటికి అందించింది. మడి కట్టుకుంటే కోడల్ని కూడా దగ్గరికి రానివ్వని మనిషి, ఆ ముద్ద తింది. ఉప్పులేని ఆ అన్నానికి గంధకం వాసన, అంతకంటే మంచి అన్నం నేను తినలేదు. మామ్మని పైకి లేపాం. మోకాళ్ళు చూశాం. ఎర్రగా ఉన్నాయి తప్ప వాటిలో ఏ విశేషమూ కనపడలేదు. నిలబడింది, నడిచింది, పొద్దునకంటే కొంచెం నయం. అత్త మొహం చిన్నబోయింది. మామ్మని బోటెక్కించి అంచుకి ఆనించి నిలబెట్టాం, మేమూ ఎక్కాం.

బోటు కదలగానే మామ్మ మొదలుపెట్టింది. మధ్యాహ్నమంతా దాచుకున్నది ఒక్కసారి బయటికి వచ్చింది. నాన్న వేసిన ఆరోపణలు ఆయన వేసిన వరసలోనే అందుకుని, ఒక్కటి కూడా వదలకుండా, పంచె సంగతి దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడి, జవాబులు చెప్పింది. పొగమంచులో మాకు మా చేతులు కనపడడం లేదు. నేను ముందు కూర్చుని డబ్బా వాయిస్తున్నాను గాని, అవసరం లేకపోయింది. ఎదరనుంచి దోనెలవాళ్ళు మామ్మ గొంతుకే పక్కకి తప్పుకున్నారు. కిరసనాయిలు ఘాటుకి తుమ్మొచ్చి వెనక్కి తిరిగాను. ఇంజను దగ్గర లాంతరు వెలుతురులో మామ్మ కనపడింది. పొద్దున ఎక్కించిన ఉప్పు బస్తాలు లేవు, అమ్ముడుపోయాయి. వాటి ఖాళీ గోనె ఒకటి బోటు అడుగున పరిచి ఉంది. దానిమీద, రెండు కాళ్ళూ మడిచి, బాసింపట్టు వేసుకుని, ఒక చేత్తో నాన్నని బెదిరిస్తూ కూర్చుంది. ఎప్పుడు కూర్చుందో, ఎవరు కూర్చోబెట్టారో, పోట్లాటలో పడి ఆవిడకే తెలీదు. నేను డబ్బా వదిలేశాను. "మామ్మా, కూసున్నావే" అన్నాను. ఆవిడ మాట ఆపి కిందికి చూసుకుంది. అత్త ముందుకు దూకి ఆ మోకాళ్ళు రెండూ కావిలించుకుని ఏడ్చింది. బోటు ఒక పక్కకి ఒరిగింది, అప్పన్న అందరినీ తిట్టాడు.

ఇప్పుడు ఆ జలాశయం మీద టిక్కెట్టు బోట్లున్నాయట. నారింజరంగు కోట్లు తొడిగి, పాటలు పెట్టి తిప్పుతారట. పొగమంచు చూడ్డానికే జనం కార్లేసుకుని కొండెక్కుతున్నారు. మాకు అది చూడాల్సిన వస్తువని తెలీదు. దానికి అడ్డంగా డబ్బా వాయించాం. సరోజత్తకి మా డాక్టరు మోకాలి ఫోటోలు తీసి చూపించాడు, ఏ ఎముక ఎక్కడ అరిగిందో పుల్లతో చూపించి చెప్పాడు. మామ్మ మోకాళ్ళలో ఏముందో మాకెవరికీ ఎప్పుడూ తెలీదు. వేడి పనిచేసిందో, తల్లి పనిచేసిందో, పాత బియ్యం పుణ్యాన మధ్యాహ్నమంతా నానడం పనిచేసిందో, కొడుకు మీద కోపం పనిచేసిందో. ఇప్పుడు అన్నిటికీ కారణం తెలుస్తోంది, కూర్చోవడానికి మాత్రం సోఫాలు వేస్తున్నారు. నేనూ సోఫాలోనే కూర్చుంటున్నాను, దానికేం లోటు లేదు.

ముహూర్తందాకా ఆ మోకాళ్ళని మేం కోడిగుడ్లలా కాపాడాం. రోజూ కాగుల కొద్దీ నీళ్ళు కాచాం, అమ్మే కాపడం పెట్టింది. పెళ్ళిరోజు తాతయ్య పక్కన పీట ముందు మామ్మ వచ్చి నిలబడ్డప్పుడు మావాళ్ళ వైపు జనమంతా భోజనాల పందిరి వదిలేసి వచ్చేశారు. ఆవిడ ఒకసారి అత్తవైపు చూసింది. తాతయ్య భుజం పట్టుకుని, ఒక్కొక్క అంగుళమూ దిగుతూ, కీలు కీలుకీ బేరం ఆడుతూ, కూర్చుంది. పురోహితుడు మంత్రం మరిచిపోయి, బాగుందమ్మా అన్నాడు. కూతురి చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో పెట్టి, పైనుంచి నీళ్ళు వదిలేటప్పుడు మామ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఉడుకుగెడ్డ దగ్గర లాగే మెడ కింద ఏదో ఎగిరింది, అంతే.

తంతు అయింది. కొత్త దంపతుల్ని అరుంధతిని చూపించడానికి బయటికి తీసుకెళ్ళారు, జనం వాళ్ళ వెనక కదిలారు, తాతయ్య లేచి కండువా దులుపుకున్నాడు. మామ్మ పీటమీద అలాగే ఉంది. మోకాళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయేమోనని నాన్నా, అమ్మా, నేనూ పరిగెత్తుకెళ్ళి రెండు రెక్కలూ పట్టుకున్నాం. మామ్మ మా చేతులు విదిలించుకుంది.

"ఉండండే. ఇంత కట్టపడి కూసున్నాను. కాసేపు కూసోనియ్యండి."